ఎండకు చెరువు

వాన కురిసిన సీమలన్నియు పండిన సీమలు కావు. కురిసిన వానను పట్టి నిలుపుకొన్న సీమలే పండినవి. ఈ సంగతిని మెట్టప్రాంతముల రైతుకు ఎవ్వరును బోధింపనక్కరలేదు. వాన నాలుగు నెలలది. ఆకలి పండ్రెండు నెలలది. ఈ రెంటికి నడుమనున్న వెలితిని మన పూర్వులు మట్టికట్టతో పూడ్చిరి. రామప్పచెరువు, పాకాలచెరువు, కంభముచెరువు, పోరుమామిళ్లచెరువు మొదలగునవి రాజుల కీర్తిచిహ్నములని చరిత్రకారులు వ్రాయుదురు. ఆయకట్టుదారునకు మాత్రము ఇవి వేరొక సత్యమునకు సాక్ష్యములు. దైవము ఒక కాలమున ప్రసాదించినదానిని మనుజుడు మరియొక కాలమునకు దాచుకొనగలడని అవి చాటుచున్నవి.

నేడు ఆ పాత ప్రశ్నయే క్రొత్త రూపమున మన వాకిట నిలిచినది. ఇప్పుడు కురియుచున్నది ఎండ. అనంతపురము, కర్నూలు, మహబూబునగరము సీమలలో ఇన్ని తరములుగా శాపముగా నెంచబడిన ఎండ నేడు విద్యుచ్ఛక్తిగా మారి తీగలవెంట పారుచున్నది. కాని ఎండయు వానవంటిదే. తన కాలమున పుష్కలముగా వచ్చును; మనకు కావలసిన కాలమున మరుగుపడును. కావున బొగ్గుపొగ లేని భవిష్యత్తును గూర్చి యోచించువారు అడుగవలసిన ప్రశ్న, ఎండనుండి విద్యుత్తు తీయగలమా యన్నది కాదు. అది తీరిపోయినది. ఎండకు చెరువు కట్టగలమా, కట్టినచో ఆ చెరువు ఎవరిది యన్నదే అసలు ప్రశ్న.

ఎండ పంటగా మారిన విధము

మొదటి ప్రశ్న తీరుటకు నూటయెనుబది సంవత్సరములు పట్టినది. వెలుతురు సోకినప్పుడు కొన్ని పదార్థములలో విద్యుత్ప్రవాహము పుట్టునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎడ్మండ్ బెకెరెల్ 1839లో కనుగొనెను. అప్పటికి ఆయన పందొమ్మిదేండ్ల యువకుడు. ఆ సత్యము నూరేండ్లకుపైగా ప్రయోగశాలల వింతగనే నిలిచినది. 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు ఇసుకనుండి లభించు సిలికాన్‌తో పనికివచ్చు మొదటి సౌరఘటము తయారైనది. తనపై బడిన వెలుతురులో నూటికి ఆరుపాళ్లు మాత్రమే అది విద్యుత్తుగా మార్చెను. 1958లో ఆకాశమునకు పంపిన వాన్‌గార్డ్ ఉపగ్రహమునకు అట్టి ఘటములను అమర్చిరి. నాడు వాని వెల భరింపగల పని అదియొక్కటే. నేడు మన మిద్దెలపై కనుపించు ఫలకములు నూటికి ఇరువది పాళ్లకు పైగా మార్చుచున్నవి.

అంతకంటె అద్భుతమైనది ధర దిగివచ్చిన తీరు. భారతప్రభుత్వము 2010 జనవరిలో జవహర్‌లాల్ నెహ్రూ పేర జాతీయ సౌరోద్యమమును ప్రారంభించినపుడు ఎండవిద్యుత్తు యూనిట్ ఒక్కింటికి పది రూపాయలు దాటియుండెను. దానిని ధనికదేశముల వేడుకయని పరిహసించినవారు కలరు. 2017 మే నెలలో రాజస్థానమునందలి భడ్లాకు జరిగిన వేలములో ఆ ధర 2 రూపాయల 44 పైసలకు దిగెను. నూతనముగా కట్టు బొగ్గుకేంద్రములకు ఈ ధర సాధ్యము కాదు. 2014నాటికి దేశమునందలి సౌరకేంద్రముల శక్తి మూడువేల మెగావాట్లకు లోపు. 2025 జనవరినాటికి అది లక్ష మెగావాట్లు దాటెను. మన కర్నూలు సీమలోని గని, శకునాల గ్రామముల వద్ద ఇంచుమించు ఆరువేల ఎకరములలో నెలకొల్పిన వేయి మెగావాట్ల కేంద్రము 2017లో పూర్తియైనది. నాడు ఒకేచోట నున్న సౌరకేంద్రములలో ప్రపంచమున అంతటి పెద్దవి అరుదు.

ఇది చదివి, ఇక బొగ్గునకు కాలము చెల్లినదని తొందరపడరాదు. 2025 మధ్యకాలమునకు దేశమునందలి విద్యుత్కేంద్రముల స్థాపితశక్తిలో సగము బొగ్గు, చమురు, వాయువులతో సంబంధము లేనిదైనది. ఇది గర్వింపదగినదే. కాని 2024లో మనము వాస్తవముగా వాడుకొన్న విద్యుత్తులో ఇంచుమించు నాలుగింట మూడుపాళ్లు బొగ్గునుండియే వచ్చినది. ఈ తేడాకు కారణము సులభము. బొగ్గు రాత్రియు మండును, సూర్యుడు అస్తమించును. మధ్యాహ్నము రెండుగంటలకు కొనువారికి మించి విద్యుత్తు వచ్చుచున్నది. దీపాలవేళ, ఊరూర పొయ్యిలు, పంకాలు, దీపములు, దుకాణములు అన్నియు ఒక్కసారి మేలుకొనువేళ, ఫలకములు నిద్రించుచున్నవి. మధ్యాహ్నపు మిగులును సంధ్యవేళకు చేర్చుటయే నేటి సమస్య. ఇది చెరువు సమస్య కాక మరేమి?

కొండమీది చెరువు, కొండక్రింది చెరువు

వింత యేమనగా, ఎండకు కట్టు చెరువులలో అన్నిటికంటె నమ్మకమైనది నిజముగా చెరువే. ఎత్తున నొకటి, పల్లమున నొకటి, రెండు జలాశయములు నిర్మింతురు. మధ్యాహ్నము మిగిలిన విద్యుత్తుతో పల్లపునీటిని ఎత్తునకు తోడుదురు. సంధ్యవేళ ఆ నీటిని మరల క్రిందికి విడిచి, అది తిరుగలిని త్రిప్పినట్లు చక్రములను త్రిప్పగా విద్యుత్తు తీయుదురు. వేయి లీటర్ల నీటిని నూరుమీటర్ల ఎత్తునకు చేర్చినచో అందు దాగియుండు శక్తి పావుయూనిట్‌కు కొంచెము మించును. చూచుటకు స్వల్పమే. కాని చెరువులో వేయి లీటర్లు ఒక్కటికాదు, కోట్లు. నూరు యూనిట్లు వెచ్చించి తోడినచో డెబ్బదియైదు మొదలు ఎనుబది వరకు తిరిగివచ్చును. ఆవిరియైనది తప్ప నీరు ఖర్చుకాదు. ఆ నీరే మరునాడును పనిచేయును.

ఈ విద్య తెలుగునేలకు క్రొత్తది కాదు. 1955 డిశంబరు 10వ తేదీన నెహ్రూ పండితుడు శంకుస్థాపన గావించిన నాగార్జునసాగరమునందు ప్రధాన విద్యుత్కేంద్రమున ఎనిమిది యంత్రములు కలవు. వానిలో ఏడు యంత్రములు విద్యుత్తును పుట్టించుటయే గాక, వెనుకకు తిరిగి నీటిని తోడగలవు కూడ. శ్రీశైలము ఎడమగట్టున భూగర్భమునందలి ఆరు యంత్రములు, మొత్తము 900 మెగావాట్లవి, ఇట్టివే. సౌరఫలకమును చూచినవారు మన గ్రామములలో లేని దినములలోనే ఈ యంత్రములకు యోచన చేసిన ఇంజనీర్ల దూరదృష్టిని కొనియాడవలసియున్నది.

నేడు నంద్యాల జిల్లాలోని పిన్నాపురము వద్ద అదే విద్య ఎండతోడను గాలితోడను ముడివడుచున్నది. అచటి 1680 మెగావాట్ల నీటినిలువ కేంద్రమునకు 2022 మే నెలలో శంకుస్థాపన జరిగినది. నదికి అడ్డముగా కట్ట వేయక, గోరుకల్లు జలాశయమునుండి ఒకమారు నీరు తెచ్చికొని, పిమ్మట ఆ నీటినే పైకిని క్రిందికిని నడుపుట దీనిలోని విశేషము. నది ప్రవాహమునకు భంగము లేదు. నదికట్టలవలె ఊళ్లకు ఊళ్లను ముంచు అవసరమును తక్కువ.

దీనికి తోడుగా బ్యాటరీలు వచ్చినవి. లిథియం బ్యాటరీని రూపొందించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమానము లభించినది. 2010నుండి 2024వరకు ఆ బ్యాటరీల ధర ఇంచుమించు పదవవంతునకు దిగినది. కొండలులేని చోట, మూడు నాలుగు గంటల నిలువకు బ్యాటరీ చాలును. దీర్ఘకాలపు నిలువకు, బహువర్షములపాటు చెడని నిలువకు, కొండమీది చెరువే మేలు. ఒకటి ఇంటిలోని గాదెవంటిది. రెండవది ఊరి చెరువువంటిది. గృహస్థునకు రెండును కావలెను.

పోరుమామిళ్ల శాసనము చెప్పు నీతి

యంత్రము సిద్ధముగా నున్నది, ధర దిగినది, కొండలు ఉన్నవి. ఇక లోటేమి యని చదువరులు అడుగవచ్చును. ఈ ప్రశ్నకు సమాధానము కొరకు విదేశముల నివేదికలను వెదకుటకు ముందు, కడపజిల్లా పోరుమామిళ్లలోని యొక శిలాశాసనమును చూచుట మంచిది. క్రీ.శ. 1369లో ప్రథమ బుక్కరాయల కుమారుడు, ఉదయగిరిరాజ్య పాలకుడునగు భాస్కరుడు అచట అనంతరాజసాగరమను పెద్దచెరువును కట్టించి, ఆ వృత్తాంతమును సంస్కృతమున రాతిపై చెక్కించెను. దినమునకు వేయిమంది కూలీలును, రాళ్లు తోలుటకు నూరు బండ్లును రెండేండ్లు పనిచేసినట్లు అందు కలదు. అంతటితో ఆగక, మంచి చెరువునకు పండ్రెండు సాధనములును ఆరు దోషములును కలవని ఆ శాసనము లెక్కించి చెప్పుచున్నది. ధర్మపరుడగు ప్రభువు, జలశాస్త్రమెరిగిన పండితుడు, గట్టి నేల, నిడుపైన రాయి దొరకు గని, నేర్పరులగు పనివాండ్రు మున్నగునవి సాధనములు. మన పూర్వులు విశ్వాసముతోనే గాక విచారణతో చెరువులు కట్టిరనుటకు ఇంతకంటె వేరు నిదర్శనమేల?

ఆ ఆరు దోషములను నేటి ఎండచెరువునకు అన్వయించి చూతము. ఏ యొక్కటియు పాతబడలేదని తేలును.

మొదటి దోషము, కట్టనుండి నీరు ఊరుట. మన తీగలనుండి నేటికిని విద్యుత్తు ఊరుచునే యున్నది. దేశముమీద పంపిణీసంస్థలు కొన్న విద్యుత్తులో ఇంచుమించు ఆరవవంతునకు వెల చేతికి రాకున్నది. కొంత తీగలలో వేడియై పోవుచున్నది. కొంత దొంగతనమున పోవుచున్నది. కొంతకు బిల్లు లేదు. కొంతకు బిల్లు ఉన్నను వసూలులేదు. కారు కట్టకు మరమ్మతు చేయకుండ చెరువును పెద్దదిగా త్రవ్వినవాడు బుద్ధిమంతుడు కాడు.

రెండవది, చవుటినేల. చవుటిలో వేసిన కట్ట నిలువదు. ఒప్పందమునకు విలువలేని చోట ధనము నిలువకపోవుటయు అట్టిదే. 2019లో ఆంధ్రప్రదేశప్రభుత్వము తనకు పూర్వము కుదిరిన గాలి, ఎండ విద్యుత్తు ఒప్పందముల ధరలను తిరుగదోడ బూనినది. ధరలు ఎక్కువయన్న వాదమున బలము ఉండవచ్చును. ప్రజాధనమును కాపాడుట ప్రభుత్వధర్మమే. కాని సంవత్సరముల తరబడి వ్యాజ్యము నడచి, 2022 మార్చిలో ఒప్పందపు ధరలే చెల్లింపవలెనని హైకోర్టు తీర్పు చెప్పినది. ఈలోపల క్రొత్తగా పెట్టుబడి పెట్టదలచినవారు వెనుదీసిరి. ధర కుదుర్చునాడు కఠినముగా బేరమాడవలెను. కుదిరిన పిదప మాట నిలుపవలెను. ఇరువదియైదేండ్ల ఒప్పందమునకు ఐదేండ్లకొకసారి మారు ప్రభుత్వములు కట్టుబడనిచో, ఆ అపాయమునకు వెలను వడ్డీరూపమున ప్రజలే చెల్లింతురు.

మూడవది మిక్కిలి ఆశ్చర్యకరము. ఇరురాజ్యముల సరిహద్దున చెరువు కట్టరాదని ఆ శాసనము ఆరున్నర శతాబ్దముల క్రిందట హెచ్చరించినది! 2014 జూన్ 2వ తేదీన తెలుగునేల రెండు రాష్ట్రములైన పిమ్మట నాగార్జునసాగరము, శ్రీశైలము సరిహద్దుచెరువులైనవి. నాగార్జునసాగర ప్రధాన విద్యుత్కేంద్రము తెలంగాణముది. నీటిని తిరిగితోడుటకు దిగువన ఉండవలసిన జలాశయము ఆంధ్రప్రదేశము నిర్మించినది. పైచెరువు ఒకరి చేత, క్రిందిచెరువు వేరొకరి చేత నున్నప్పుడు యంత్రము ఎట్లు తిరుగును? 2021 వేసవి చివర శ్రీశైలమున విద్యుదుత్పత్తిని గూర్చి, 2023 నవంబరు చివర సాగరముగేట్లను గూర్చి ఇరురాష్ట్రముల పోలీసులు ఎదురెదురుగా నిలిచిన దృశ్యములను దేశమంతయు చూచినది. కోట్ల రూపాయలతో కట్టి సిద్ధముగానున్న ఈ యంత్రములు ఇరువురికిని దీపాలవేళ విద్యుత్తు నీయగలవు. మధ్యాహ్నపు ఎండను ఇరువురును పోయవచ్చును; రాత్రి ఇరువురును పంచుకొనవచ్చును. నీటిపంపకమునకు జరుగుచున్న వాదము ఎట్లు తేలినను, అదే నీటిని పైకి క్రిందికి నడుపుటవలన ఎవరి వాటాయు తరుగదు. ఈ యొక్క విషయమున నైనను ఇరుప్రభుత్వములు కూర్చుండి ఒక పద్ధతి ఏర్పరచుకొనుట నూతనముగా కట్టు ఏ కేంద్రముకంటెను చౌక.

నాలుగవది, చెరువు నడుమ మిట్ట. నడుమ మిట్టయున్నచో నీరు అన్ని మూలలకు సమముగా అందదు. కొత్త సంపద వచ్చినప్పుడెల్ల ఈ మిట్ట లేచుచునే యున్నది. ఒక మెగావాటు ఫలకములకు నేడు నాలుగైదు ఎకరములు కావలెను. పట్టా గల భూస్వామికి కౌలుసొమ్ము వచ్చును. ఇరువదియైదేండ్లు వానచూడనక్కరలేని రాబడి. అదే నేలను కౌలుకు దున్నినవానికి ఏమి వచ్చును? అందు కలుపుతీసిన కూలికి ఏమి వచ్చును? బీడని కాగితములలో వ్రాయబడిన భూమి యందు తరతరములుగా గొర్రెలను మేపుకొనిన కాపరికి ఏమి వచ్చును? కంచె పడినప్పుడు ఆయన పేరు ఏ దస్తావేజునందును ఉండదు. ఫలకములను కొంచెము ఎత్తున నిలిపి, వాని క్రింద గొర్రెలను మేయనిచ్చు పద్ధతి పలుదేశములలో వాడుకలో నున్నది. గడ్డి కోయు ఖర్చు యజమానికి తగ్గును, మేత కాపరికి దొరకును. రాయలసీమలో ఇది తప్పనిసరి షరతుగా చేయుటకు అడ్డమేమి?

నీరు కొంచెము, ఆయకట్టు విస్తారము

అయిదవ దోషము మన రైతులకు నేరుగా తగులునది. అల్పజలమునకు అధికమగు ఆయకట్టు ఉండరాదని శాసనము. మన బోరుబావుల చరిత్ర ఈ యొక్క దోషము యొక్క చరిత్రయే. 2004లో ఉమ్మడిరాష్ట్రమున వ్యవసాయమునకు ఉచితవిద్యుత్తు వచ్చినది. కష్టకాలమున అది రైతును నిలబెట్టినమాట నిజము. కాని వెలలేని విద్యుత్తు నీటికిని వెలలేకుండ చేసినది. మన మెట్టసీమల క్రింద నున్నది గట్టిరాయి. దాని నెరియలలో నిలిచిన నీరు స్వల్పము. మోటారు ఆగని చోట పొరుగువాని బావి ఎండినది, పిమ్మట తన బావియు ఎండినది. ఇప్పుడు సౌరపంపుసెట్టు వచ్చినది. ప్రారంభపుఖర్చు పోగా అది తోడు నీటికి ఖర్చులేదు. ఒక విధమున ఇది వరము. వేరొక విధమున, పగలంతయు తిరుగు మోటారు అడుగంటిన బావికి మృత్యువు.

ఈ చిక్కునకు గుజరాతునందలి ఖేడాజిల్లాలో ఢూండీ యను చిన్నగ్రామము ఒక మార్గము చూపినది. 2016లో అచటి కొందరు రైతులు సౌరపంపుసెట్లను పెట్టుకొని ఒక సహకారసంఘముగా ఏర్పడిరి. నీరు తోడగా మిగిలిన విద్యుత్తును ఆ సంఘము పంపిణీసంస్థకు అమ్మును. ఇరువదియైదేండ్లకు ధర నిర్ణయించుకొనిరి. దీనిలోని యుక్తి గమనింపదగినది. అమ్ముకొను దారి లేనినాడు రైతు మిగిలిన ఎండను నీరు తోడుటకే వాడును. అమ్ముకొనగలిగిననాడు, అవసరములేని నీరు తోడుట తన సొమ్మును తాను పారబోసికొనుటయని ఆయనకు తెలియును. ఆజ్ఞలు చేయలేని పనిని లెక్క చేసినది. ఎండ వారికి రెండవ పంట యైనది. ఆ పంటకు ఎరువు లేదు, తెగులు లేదు. ఆనందులోని పాల సహకారోద్యమము ఆ చుట్టుప్రక్కలనే పుట్టినదని తలచినచో, ఈ ఆలోచన ఆ నేలలో మొలచుటకు ఆశ్చర్యపడనక్కరలేదు. 2019లో ప్రారంభమైన కేంద్రప్రభుత్వపు కుసుమ్ పథకము క్రింద రైతులు, సహకారసంఘములు తమ బంజరులలో రెండు మెగావాట్ల వరకు కేంద్రములను నిలుపుకొని విద్యుత్తు అమ్ముకొనవచ్చును. పదియెకరముల బీడు గల భూస్వామి దానిని దూరపు కంపెనీకి కౌలుకిచ్చి చేతులు ముడుచుకొనుటకు ముందు, ఊరిలోని పదిమందితో కలిసి సంఘముగా నిలువగలనేమో యోచింపవలెను.

ఆరవది దీనికి తలక్రిందులు. చోటు స్వల్పము, జలము అధికము. అలుగు చాలని చెరువు కట్ట తెంపుకొనును. ఎండ విద్యుత్తు మధ్యాహ్నము పొంగినప్పుడు తీగలు చాలక, కేంద్రములను నిలిపివేయవలసి వచ్చుట 2025లో రాజస్థానమున జరిగినది. ఎండను పారబోసికొనుట! దీనికి పెద్ద జలాశయములు, తీగలు కావలసినవే. వానితోపాటు సులభమైన ఉపాయము ఒకటి కలదు. పనిని ఎండవేళకు జరుపుట. బియ్యపుమిల్లు, మంచుకర్మాగారము, శీతలగిడ్డంగి, ఊరి నీటిట్యాంకు నింపు మోటారు ఇవన్నియు మధ్యాహ్నము నడువగలవు. పిండియైన బియ్యము, గడ్డకట్టిన నీరు, ఎత్తుకెక్కిన నీరు కూడ నిలువచేసిన ఎండయే. రైతుకు రాత్రివేళ పాములతో, చీకటితో పోరాడి మోటారు వేయుపని తప్పించి, పగటివిద్యుత్తు నిచ్చుట అతనికి ప్రాణరక్షణ; విద్యుత్సంస్థకు నిలువఖర్చు తగ్గుదల. ఒక్క వేటున రెండు పనులు.

భూమిని మ్రింగకుండ ఫలకములను నిలుపుటకు నీటినే పీటగా వాడుటయు మనసీమలో మొదలైనది. విశాఖపట్టణము వద్ద సింహాద్రి జలాశయమున 2021లో, రామగుండము జలాశయమున 2022 జూలైలో నీటిపై తేలు కేంద్రములు పనిచేయసాగినవి. రామగుండమునది నూరు మెగావాట్లది. ఇంచుమించు ఐదువందల ఎకరముల నీటిపై పరచుకొన్నది. నీటిచల్లదనమునకు ఫలకములు మెరుగుగా పనిచేయును. ఫలకముల నీడకు నీరు ఆవిరియగుట తగ్గును. దశాబ్దములుగా బొగ్గు మండించుచున్న కేంద్రము వాకిటనే ఎండపంట తేలియాడుట కాలమార్పునకు చక్కని గుర్తు.

దశబంధము

దోషములను చెప్పి ఊరకుండుట న్యాయము కాదు. పరిష్కారమును కూడ మన చెరువుల చరిత్రయే చూపుచున్నది. పూర్వము రాయలసీమలో చెరువు కట్టించినవారికిని, కట్టను, తూమును కాచి మరమ్మతు చేయువారికిని పదియవవంతు ప్రమాణముగా ఇనాము ఏర్పరచిరి. దానిని దశబంధమనిరి. దానికి ఫలముగా కట్ట కాపాడబడెను. దశబంధము నశించి, పూడికతీత సర్కారు పనియైన తరువాతనే వేలకొలది చెరువులు గుంటలుగా మారినవి. 2015లో తెలంగాణము మిషన్ కాకతీయ పేర నలువదియారువేలకు పైగా చెరువుల పునరుద్ధరణకు పూనుకొనవలసివచ్చినది అందులకే.

ఎండచెరువునకును ఒక దశబంధము ఏర్పరుపవలెను. గ్రామపు పొలిమేరలో నిలిచిన ప్రతి సౌరకేంద్రము, ప్రతి నీటినిలువ కేంద్రము తన రాబడిలో ఒక నియతభాగమును ఆ గ్రామమునకు ఒప్పందమునందే వ్రాసి ఈయవలెను. దానము కాదు, హక్కు. ఆ సొమ్ముతో ఊరి మట్టిచెరువు పూడిక తీయవచ్చును. కౌలు కోల్పోయినవానికి, మేత కోల్పోయిన కాపరికి పరిహారము కల్పింపవచ్చును. ఫలకములను తుడుచుట, యంత్రములను కాచుట యను పనులను ఊరి యువకులకు నేర్పవచ్చును. పాతికేండ్లకు ఫలకములు ముదిసినప్పుడు వాని గాజును, లోహమును ఎవరు తొలగింపవలెనో కూడ ఆ కాగితమునందే ఉండవలెను. తమ భూములను కౌలుకిచ్చు పెద్దరైతులు ఈ షరతులు తమకు నష్టమని తలపరాదు. ఊరంతయు తనదని భావించిన కట్టకు గండి పడదు. ఒక్కనిది యనుకొన్న కట్టకు కాపలా చాలదు.

పట్టణవాసులకును ఇందు పని కలదు. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన సూర్యఘర్ పథకము క్రింద మిద్దెపై మూడు కిలోవాట్ల ఫలకములు నిలుపుకొన్న గృహస్థునకు కేంద్రప్రభుత్వము 78,000 రూపాయలవరకు సహాయము చేయుచున్నది. మన ఎండలో అవి దినమునకు సగటున పండ్రెండు యూనిట్లు ఈయగలవు. మధ్యతరగతి కుటుంబమునకు అది చాలును. ఇంటి పెరటిలో బావి యున్నవాడు ఊరిచెరువుపై భారము తగ్గించినట్లే, ఇట్టి గృహస్థుడు మధ్యాహ్నపు మిగులును ఇరుగుపొరుగుకు పంపుచు దేశమునకు మేలు చేయును.

స్వదేశీ విషయమును ఇచట మరువరాదు. సౌరఫలకముల తయారీలోని అన్ని అంచెలయందును నూటికి ఎనుబదిపాళ్లకు పైగా చీనాదేశపు చేతిలో నున్నవి. 2025 ఆగస్టునాటికి ఏటా లక్ష మెగావాట్ల ఫలకములు కూర్చగల కర్మాగారములు మన దేశమున ఏర్పడినవి. ఇది మంచి అడుగు. కాని కూర్చుట వేరు, లోని ఘటమును, ఆ ఘటమునకు మూలమగు సిలికాన్‌ను తయారుచేయుట వేరు. నూలు దిగుమతి చేసికొని బట్ట నేసి స్వదేశీయనుట ఎంతవరకు నిజమో ఇదియు అంతవరకే నిజము. అయినను ఒక ఊరట కలదు. బొగ్గునో చమురునో దిగుమతి చేసికొన్నవాడు దానిని కాల్చిన మరునాడు మరల కొనవలెను. ఫలకమును ఒకసారి కొన్నవాడు పాతికేండ్లు కొననక్కరలేదు. సూర్యునిపై సుంకము వేయగల సామ్రాజ్యము ఇంకను పుట్టలేదు.

కావున ఆశకు కారణము లేకపోలేదు. నిజమునకు ఆశకంటె గట్టి ఆధారము, లెక్క, మనకు దొరకినది. ఎండ మనది. కొండలు మనవి. చెరువు కట్టు విద్య మన రక్తములోనిది. ఇక కావలసినవి పోరుమామిళ్ల శాసనము చెప్పినవే. శాస్త్రమెరిగినవారు, నేర్పుగల పనివాండ్రు, గట్టినేలవంటి మాటనిలుకడ, ధర్మమెరిగిన పాలకులు. ఆ శాసనము నాటి ప్రభువులు గతించిరి, రాజ్యములు గతించినవి. చెరువు నేటికిని ఉన్నది. ఎండకు మనము కట్టబోవు చెరువును గూర్చి ఆరువందల యేండ్ల పిమ్మట మన మనుమల మనుమలు చదువుకొనదగిన ఒప్పందమును మనము నేడు వ్రాయవలసియున్నది. ఆ వ్రాతలో కౌలురైతు పేరును, గొర్రెలకాపరి పేరును ఉండవలెను.